పొరుగూర రాత్రి బస: గుర్తింపు పత్రము లేనివేళ



మన యూరిలో మనకు గుర్తింపు పత్రముతో పని లేదు. వీధిలో ఆడుకొను పసివాడు సైతము మనల నెరుగును. ఇంటిపేరు చెప్పిన చాలును, తాత ముత్తాతల చరిత్రయంతయు ఎదుటివారు చెప్పగలరు. అట్టి మనుష్యుడే బస్సు దిగి పొరుగుపట్టణమున నొక లాడ్జి మెట్లెక్కినంతనే ఎవరికిని తెలియనివాడగుచున్నాడు. బల్ల వెనుక కూర్చున్న గుమాస్తా మొదట అడుగునది సొమ్ము కాదు, "కార్డు చూపండి" అను మాట. అరువది యేండ్లు ఊరిలో తలయెత్తుకొని బ్రతికిన పెద్దమనిషికి ఆ మాట ములుకువలె తగులును. కార్డు చేతనున్నచో బాధ లేదు. అది ఇంటనే మరచిపోయినప్పుడు, రైలులో జారిపోయినప్పుడు, సంచితోపాటు దొంగలపాలైనప్పుడు ఏమి చేయవలయును? ప్రక్కన అలసిన యిల్లాలో, ఆసుపత్రికి తెచ్చిన రోగియో ఉన్నప్పుడు ఆ రాత్రి ఎట్లు గడపవలయును? ఇదియే నేటి ప్రసంగవిషయము.

ముందుగా, ఈ అడుగుట యేల వచ్చినదో తెలిసికొందము. కారణము తెలిసిన మనుష్యునకు కోపము తగ్గును, ఉపాయము తోచును.

పూర్వము బాటసారులకు సత్రములుండెడివి. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909వ సంవత్సరమున కీర్తిశేషురాలగు వరకు వేళగాని వేళ వచ్చినవారికి సైతము అన్నము పెట్టిన కథ తెలుగువారికందరకు తెలిసినదే. ఆ కాలమున కార్డులు లేవు నిజమే. కాని సాధారణముగ అరుగుమీద కూర్చున్న బాటసారిని "ఏ యూరు నాయనా? ఎవరి తాలూకు?" అని అడుగకుండిన వారు అరుదు. ఊరిపేరు, ఇంటిపేరు, మధ్యనున్న బంధువు పేరు, ఈ మూడును కలిసినచో మనిషి యెవరో తేలిపోయెడిది. ఆనాటి గుర్తింపు పత్రము నోటిమాట. దానిపై ముద్ర బంధుత్వము. నేడు పట్టణములలో ఆ బంధుత్వపు దారము తెగినది. అడుగుట మాత్రము మిగిలినది. నోటిమాటకు బదులుగా కాగితము వచ్చి కూర్చున్నది.

ఈ వాడుకకు చట్టపు పునాదియు పాతదే. 1867వ సంవత్సరమున ఆంగ్లప్రభుత్వము సరాయిల చట్టమను దానిని చేసెను. బాటసారులు దిగు ఇండ్లను జిల్లా మేజిస్ట్రేటు వద్ద నమోదు చేయించుకొనవలెననియు, మేజిస్ట్రేటు ఉత్తరువు చేసినచో గడచిన పగటనో రాత్రినో వచ్చి దిగినవారిని గూర్చి యజమాని నివేదింపవలెననియు అందు కలదు. ఈ మాటను శ్రోతలు మనస్సున నుంచుకొనగోరెదను. ఆ చట్టము యజమానిని అడిగినది వచ్చినవారెవరో చెప్పుమని. వచ్చినవారిని వెళ్లగొట్టుమని కాదు. ఈ భేదమును మరల తలచుకొందుము.

తరువాత కాలము కఠినమైనది. 2007 ఆగస్టు 25వ తేదీన హైదరాబాదులోని లుంబినీ ఉద్యానమునందును, గోకుల్ చాట్ వద్దను బాంబులు ప్రేలినవి. 2008 నవంబరులో బొంబాయిలోని పెద్ద హోటళ్లే ముష్కరుల దాడికి గురియైనవి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరమున మరల ప్రేలుళ్లు జరిగినవి. ఇట్టి ఘోరములు జరిగినప్పుడెల్ల పోలీసువారి దృష్టి లాడ్జీల రిజిష్టరులపై పడుట సహజము. రిజిష్టరులో పేరున్నది, ప్రక్కన పత్రము నకలు లేదు అన్నచో మాట పడువాడు ఆ గుమాస్తాయే. కనుక అతడు కార్డు అడుగుట మనల నవమానించుటకు గాదు. తన కొలువును కాపాడుకొనుటకు.

ఇప్పుడు ఆ గుమాస్తా మనస్సులో నుండి చూతము. అతనికి కావలసినవి మూడు. మొదటిది, మీరెవరో తెలియుట. రెండవది, రేపు అవసరమైనచో మీరెచట దొరకుదురో తెలియుట. మూడవది, తన పైవాడో పోలీసువాడో అడిగినప్పుడు చూపుటకొక ఆధారము. ఈ మూడింటిని ఒక్కసారిగా తీర్చును గనుకనే కార్డునకంత విలువ. కార్డు లేనివేళ ఈ మూడింటిని వేరువేరుగానైనను తీర్చగలిగినచో తలుపు తెరచుకొనుట కవకాశము కలదు. మనము చేయు ప్రయత్నమంతయు ఈ మూడింటివైపే నడువవలయును.

ఏ పత్రములు చెల్లును? సాధారణముగ మన దేశీయులను లాడ్జీలవారు ఆధార్ కార్డు, ఓటరు గుర్తింపు కార్డు, వాహనము నడుపు లైసెన్సు, పాస్‌పోర్టు, వీనిలో నొకదాని నడుగుదురు. పాన్ కార్డును పెక్కుచోట్ల అంగీకరింపరు. దానిపై చిరునామా లేకపోవుటయే కారణము. ఆధార్ తప్ప మరియొకటి పనికిరాదని కొందరు గుమాస్తాలు పట్టుబట్టుదురు. 2018 సెప్టెంబరు 26న సర్వోన్నత న్యాయస్థానము, ప్రైవేటు సంస్థలు ఒప్పందములను ఆధారము చేసికొని ఆధార్‌ను కోరుటకు వీలిచ్చిన చట్టభాగమును కొట్టివేసినది. కనుక మీకడ ఆధార్ లేక ఓటరు కార్డున్నచో దానిని ధైర్యముగ చూపి, "ఇదియు ప్రభుత్వమిచ్చినదే, చిరునామాయు కలదు" అని నెమ్మదిగ చెప్పవచ్చును. వాదమునకు దిగనక్కర లేదు. ఆ మాటయే చాలును.

ఇక అసలు ఆపద. పత్రము చేతలేదని తెలిసినంతనే గుండె జల్లుమనును. చేతులు సంచి నంతయు బోర్లించును. అట్లు లాడ్జి బల్ల యెదుట చేయరాదు. ప్రక్కకు వచ్చి, కూర్చుండి, మంచినీళ్లు త్రాగి ఆలోచింపవలయును. మీ స్థితి మూడింటిలో నొకటియై యుండును. పత్రము ఇంటనుండి, సెల్‌ఫోను చేతనుండుట యొకటి. పత్రమును లేదు, ఫోనున్నను దాని పని మనకు తెలియదు, లేక ఫోనే లేదు అనునది రెండవది. సంచితో సహా అన్నియు పోవుట మూడవది.

మొదటి స్థితి యంత కష్టము కాదు. 2015వ సంవత్సరమున భారత ప్రభుత్వము డిజిలాకరు అను ఏర్పాటును ప్రారంభించినది. అది ఫోనులో నుండు భోషాణమువంటిది. ఆధార్, లైసెన్సు మున్నగు పత్రములను ఆయా శాఖలనుండియే తెచ్చి అందు భద్రపరచుకొనవచ్చును. ఇట్లు శాఖలే జారీచేసిన పత్రములను అసలు పత్రములతో సమానముగ చూడవలెనని 2017లో నిబంధనలను సవరించిరి. ఎమ్‌ఆధార్ అను మరియొక యాప్ కలదు. ఆధార్ సంస్థవారి వెబ్‌సైటునుండి ఈ-ఆధార్ అను నకలును దింపుకొనవచ్చును. అదియు తపాలాలో వచ్చిన కార్డుతో సమానముగ చెల్లునని ఆ సంస్థవారే చెప్పుచున్నారు. ఈ-ఆధార్ తెరచుటకు సంకేతపదము కావలయును. ఆంగ్లమున మీ పేరులోని మొదటి నాలుగక్షరములు పెద్దబడిలోను, వెంటనే మీరు పుట్టిన సంవత్సరపు నాలుగంకెలును కలిపి వ్రాసినదే ఆ సంకేతపదము. ఈ సంగతి తెలియక కాగితము చేతనుండియు తెరువలేక చిక్కుపడుట జరుగుచుండును.

ఒక హెచ్చరిక. కార్డును ఫోనులో ఫొటో తీసికొని యుంచుట వేరు, పైన చెప్పిన పత్రములు వేరు. ఫొటోను ఎవరైనను దిద్దవచ్చును గనుక కొందరు గుమాస్తాలు దానిని నమ్మరు. అంతమాత్రమున ఫొటో నిష్ప్రయోజనము కాదు. ఆధార్ సంఖ్య జ్ఞాపకము లేనివానికి ఆ సంఖ్యను చెప్పునది అదియే. సంఖ్య తెలిసినచో అసలు పత్రమును దింపుకొనవచ్చును.

రెండవ స్థితిలో ఇంటివారి సాయము కావలయును. కొడుకో, మనుమరాలో, ఊరిలోని చదువుకొన్న కుర్రవాడో ఈ-ఆధార్ దింపి, గుమాస్తా ఫోనుకో లాడ్జివారి ఈ-మెయిలుకో పంపగలరు. కాని దింపుటకు ఓటీపీ యను ఆరంకెల సంఖ్య, ఆధార్‌తో జతచేసిన ఫోనుకే వచ్చును. ఆ ఫోను మీ చేతనున్నచో, ఆ సంఖ్యను మీ వానికి మాత్రము చెప్పుడు. గుమాస్తాకు గాని, "నేను తీసి పెట్టెదను తాతగారూ" అని ముందుకు వచ్చు అపరిచితునకు గాని ఎన్నడును చెప్పరాదు. గది దొరకుట యొక రాత్రి సంగతి. ఓటీపీ పరుల పాలైనచో బ్యాంకులోని యేండ్ల కష్టార్జితము పోవచ్చును.

ఫోనే లేనివారికిని దారి కలదు. ఆధార్ సేవాకేంద్రమునకు పోయి, సంఖ్య చెప్పి, వ్రేలిముద్ర వేసినచో నకలు ముద్రించి యిత్తురు. పెద్దవారి వ్రేళ్ల గీతలు పొలముపనితో అరిగిపోవుట కలదు. అట్లైన యెడల కనుపాపను చూచి గుర్తించు పద్ధతి యున్నదేమో అడుగవలయును. ఆధార్ సంస్థవారి ఉచిత ఫోను సంఖ్య 1947. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరమే గనుక మరచుటకు వీలులేదు. తెలుగునను సమాధానము చెప్పుదురు. అయితే ఈ కేంద్రములు పగటివేళనే తెరచియుండును. రాత్రి దిగినవారు తెల్లవారువరకు ఓపికపట్టవలసినదే.

మూడవ స్థితి కష్టమైనది. సంచి, డబ్బు, ఫోను, పత్రములు, అన్నియు పోయినవి. అప్పుడు లాడ్జికి పోవుట మొదటిపని కాదు. దగ్గరి పోలీసుఠాణాకు పోవుట మొదటిపని. రైలులో పోయినచో స్టేషనులోని రైల్వే పోలీసులకు చెప్పవలయును. "ఇది మా సరిహద్దు కాదు, అచటికి పొండు" అను మాట పెక్కుమందికి అనుభవమే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము కేసుకట్టదగిన నేరము ఎచట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును. ఇచ్చినవారికి దాని ప్రతి ఉచితముగ నీయవలయును. జారిపోయినదే గాని దొంగతనము కాదన్నచో, ఉన్న సంగతియే వ్రాసి యిచ్చి, ముట్టినట్లు రసీదు తీసికొనవలయును. వస్తువులు, పత్రములు, పోయినచోటు, వేళ అన్నియు అందు వ్రాయుడు.

ఆ రసీదు గుర్తింపు పత్రము కాదు. అయినను గుమాస్తా కోరు మూడింటిలో మూడవదగు ఆధారము అదియే. ఠాణా ముద్రయున్న కాగితమును చూచిన తరువాత లాడ్జివాని మనస్సు కొంత మెత్తబడును. ఠాణాలోని హెడ్డుకానిస్టేబులును, "సమీపమున మంచి బస యేదైన కలదా? ఒకమాట చెప్పగలరా?" అని మర్యాదగ అడుగవచ్చును. పిమ్మట ఫోను నంబరును, బ్యాంకు కార్డును మూయించుట కింటివారికి కబురు చేయవలయును. సొమ్ము ఖాతానుండి పోయినట్లు తెలిసినచో 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయవలయును. ప్రాణభయముగాని, తరుముకొను ఆపదగాని యున్నచో దేశమంతటికి నొకటే సంఖ్య, 112.

ఇక మాటాడు రీతి. పనులు చెడుటకును చక్కబడుటకును సగము కారణము నోరే. పదిమంది క్రిక్కిరిసియున్నప్పుడు బల్లకడ మొదలుపెట్టరాదు. గుంపు తగ్గు వరకు ఆగి, గుమాస్తా కాక మేనేజరు ఉన్నచో అతనితోడనే మాటాడవలయును. గుమాస్తాకు నిబంధనను సడలించు అధికారముండదు. ఉన్నవాడు పైవాడు. మాట సూటిగ నుండవలయును. "బాబూ, మాది ఫలానా మండలములోని ఫలానా గ్రామము. ఆసుపత్రి పనిమీద వచ్చితిమి. కార్డు ఇంట నుండిపోయినది. ఇదిగో మా ఆసుపత్రి చీటీ, ఇదిగో బస్సు టిక్కెట్టు. మా సర్పంచి ఫోను సంఖ్య యిది, మీరే పిలిచి యడుగుడు. మా అబ్బాయి గంటలో కార్డు నకలు పంపును. రాకున్నచో ఉదయము పదింటికి గది ఖాళీ చేసెదము." ఈ మాటలలో మీరెవరో, ఎచటివారో, ఆధారమేమో మూడును చేరినవి. గడువును మీరే పెట్టుకొంటిరి. ఎదుటివానికి భారము తగ్గినది. "మేమెవరమనుకొంటివి? మంత్రిగారు మాకు తెలుసును" అని మొదలిడినచో ఆ మూడింటిలో నొకటియు తీరదు.

పింఛను పుస్తకము, బ్యాంకు పాసుపుస్తకము, రేషను కార్డు, ఫొటోయున్న ఆసుపత్రి కార్డు, వీనిని లాడ్జివారు సాధారణముగ లెక్కింపరు. కాని ఒంటరిగ చెల్లని కాగితములు రెండుమూడు కలిసి, అన్నిటను ఒకే పేరు, ఒకే ఊరు కనబడినచో నమ్మకము కలిగింపవచ్చును. కనుక సంచిలోనున్న ఏ కాగితమును తీసివేయక చూపవలయును.

చేయరాని పనులు నాలుగు కలవు. మొదటిది, ఇతరుల కార్డుతో, ఇతరుల పేరుతో దిగుట. బావమరిది కార్డే కదా, ముఖము కొంచెము కలియును కదా అని చేయుదురు. పరుని పేరుతో చలామణియగుట మోసమను నేరమునకు దారితీయును. అది యటుండగా, రాత్రి గుండెనొప్పి వచ్చి ఆ గదిలో ఆపద కలిగినచో, కబురు ఎవరి యింటికి పోవును? కార్డుగల బావమరిది యింటికి. తప్పుపేరుతో దిగినవానిని ఆపదలో ఆదుకొను దారియే మూసికొనిపోవును. రెండవది, గుమాస్తా చేతిలో రహస్యముగ సొమ్ము పెట్టుట. ఆ సొమ్ముతో దొరకు గది రిజిష్టరునకెక్కని గది. తగవు వచ్చిననాడు మీరచట దిగినట్లే ఋజువుండదు. మూడవది, అసలు కార్డును తాకట్టుగ విడిచివచ్చుట. చూపుడు, నకలు తీయనిండు, వెంటనే చేత పుచ్చుకొనుడు. నాలుగవది, బస్సుస్టాండులో "కార్డు లేకున్న గది యిప్పించెదను" అని వెంటబడువానితో పోవుట. సంచి పోయినవాడు అట్లు పోయి మిగిలినదియు పోగొట్టుకొనవచ్చును.

నకళ్ల విషయమునను జాగ్రత్త వలయును. 2022 మే నెలలో ఆధార్ సంస్థవారి బెంగుళూరు కార్యాలయమొకటి, ఆధార్ నకళ్లను ఎవరికిబడిన వారికి, ముఖ్యముగ హోటళ్లకు, ఇయ్యవలదని ప్రకటన చేసినది. జనులు కలతపడిరి. మే 29న ప్రభుత్వము ఆ ప్రకటనను ఉపసంహరించి, సాధారణమైన జాగ్రత్త చాలునని చెప్పినది. ఆ జాగ్రత్తకు ముసుగు ఆధార్ అను సాధనము కలదు. అందు పండ్రెండంకెలలో మొదటి యెనిమిది మరుగుపడి, చివరి నాలుగే కనబడును. లాడ్జికి ఈ ప్రతియే చూపుట మేలు. కాగితపు నకలిచ్చునప్పుడు దానిపై "ఫలానా తేదీన, ఫలానా లాడ్జి బసకై" అని అడ్డముగ వ్రాసి సంతకము చేసినచో అది మరియొక పనికి ఉపయోగపడుట కష్టమగును.

ఇన్ని చేసినను గది దొరకనిచో? కోపముతో వీధినపడి తిరుగరాదు. రైలు టిక్కెట్టున్నవారు స్టేషనులోని విశ్రాంతిశాలలో కూర్చుండవచ్చును. వెలుతురు, నీరు, కాపలా కలచోటు అది. స్టేషనులలోని విడిది గదులు నిర్ధారణయైన టిక్కెట్టుగల ప్రయాణికులకు దొరకునుగాని అచటను గుర్తింపు పత్రము నడుగుదురు. తిరుమలలో గది లభింపని యాత్రికులకై దేవస్థానమువారు వసతి సముదాయములను కట్టించియున్నారు. వాని విశాలమైన సాలలలో వేలమంది విశ్రమించుచుందురు. ఆసుపత్రి పనిమీద వచ్చినవారు ఆసుపత్రినే అడుగవలయును. ఆరోగ్యశ్రీ పథకము 2007లో ప్రారంభమైననాటినుండి, ఆ పథకమున చేరిన ఆసుపత్రులలో రోగులకు సాయపడుటకు ఆరోగ్యమిత్రయను ఉద్యోగి బల్ల కలదు. ఆంధ్రప్రదేశమున ఇప్పుడు వైద్యమిత్ర యందురు. రోగి పేరు, ఊరు ఆసుపత్రి పుస్తకమున నిదివరకే చేరియుండును గనుక మీరెవరో అచట తెలిసినదే. రోగి సహాయకులకు తలదాచుకొను చోటెచట కలదో వారికి తెలిసియుండును. దిక్కుతోచని వృద్ధులకై 14567 అను ఉచిత సంఖ్య దేశమంతట కలదు. దానికి పగటివేళ ఫోను చేసి సలహా పొందవచ్చును.

ముందుగ సొమ్ము చెల్లించి గది కుదుర్చుకొన్నవారు, కార్డు లేదని దారిలోనే తెలిసినచో, ఊరు చేరకముందే లాడ్జికి ఫోనుచేసి చెప్పవలయును. గుమ్మముకడ అర్ధరాత్రి చెప్పుటకంటె అది నూరురెట్లు మేలు. గది యీయక సొమ్మును తిరిగి యీయకున్నచో, కుదుర్చుకొన్ననాటి షరతులను చదివించి చూడుడు. అన్యాయమని తోచినచో వినియోగదారుల సంఖ్య 1915కు చెప్పుకొనవచ్చును.

మన తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. అది పేర్ల చిక్కు. మనుమడు పట్టణమున కూర్చుండి గదిని "వెంకటేశ్వరరావు" అని కుదుర్చును. కార్డుపై ఇంటిపేరు ముందుండును. ఓటరు కార్డుపై ఇంటిపేరునకు పొట్టియక్షరమే యుండును. భార్య కార్డుపై పుట్టినింటి యింటిపేరే నిలిచియుండును. ఉత్తరదేశపు గుమాస్తాకు మన యింటిపేరు మనిషిపేరుగ కనబడును. భార్యాభర్తల పేర్లు కలియవని సందేహించును. కాశీకో, ఢిల్లీకో పోవువారు బయలుదేరకమునుపే, కార్డుపై నున్నట్లే అక్షరము తప్పక పేరు వ్రాయించి గది కుదుర్చుకొనవలయును. దంపతుల కార్డులలో నొకదానినైనను చిరునామా భాగమున భర్త పేరుండునట్లు దిద్దించుకొనుట మంచిది.

కనుక ప్రయాణపు సన్నాహములో మూటముల్లెతోపాటు ఈ నాలుగును చేరవలయును. పత్రములు రెండున్నచో రెండు సంచులలో, వీలైనచో ఇద్దరు మనుష్యులకడ నుంచవలయును. ఆధార్‌తో జతయైన ఫోను సంఖ్య నేడు వాడుచున్నదేనా యని ఊరిలోనే పరీక్షించుకొనవలయును. పాత సిమ్ము పారవేసి, సంఖ్య మార్చక యుండువారే యెక్కువగ చిక్కుపడుదురు. ఈ-ఆధార్ నకలును ఇంట నమ్మకమైన యొకరికడ నుంచవలయును. కొడుకు ఫోను సంఖ్యను, సర్పంచి సంఖ్యను కాగితముపై వ్రాసి, సంచిలో గాక చొక్కాజేబులోనో, చీరకొంగుముడిలోనో ఉంచవలయును. సర్వమును ఫోనులోనే దాచినవానికి ఫోను పోయిననాడు కొడుకు సంఖ్యయు గుర్తుండదు.

చివరగ, పెద్దలగు మీతో మరియొక మాట. మీలో కొందరు సత్రములకు ధర్మకర్తలు, దేవాలయపు వసతిగృహములకు సభ్యులు, కులసంఘపు భవనములకు పెద్దలు. కార్డులేని ప్రయాణికుడు ఒకనాటి రాత్రి మీ గుమ్మముకడకే రావచ్చును. అప్పుడు మీరు గుమాస్తా స్థానమున నుందురు. నియమమును విడువుడని చెప్పుట నా యుద్దేశము కాదు. కాని 1867నాటి చట్టపు మాటను తలచుకొనుడు. వచ్చినవారెవరో తెలిసికొనుము, అడిగినవారికి తెలుపుము అనియే దాని సారము. పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాసికొనుడు. ఆ యూరికి ఫోను చేసి అడుగుడు. వారి యనుమతితో ఫొటో తీసి యుంచుడు. సందేహము తీరకున్నచో ఠాణాకు కబురంపి, వారి యెరుకతో ఆ రాత్రికి వరండాలోనైనను చోటీయుడు. ఇంత చేసినచో నియమమును నిలిచినది, మనిషియు నిలిచినాడు. కార్డు లేదను నొక్కకారణమున ఆడుదానిని, రోగిని, పసిబిడ్డను చీకటిలోనికి పంపుట ఏ చట్టపు ఉద్దేశమును గాదు. మన పూర్వులు సత్రములు కట్టించిన ఉద్దేశము అంతకంటెను గాదు.

కార్డు మనిషిని తెలుపుటకొక సాధనము. అది చేతనున్నప్పుడు దానిని పదిలముగ నుంచుకొందము. అది లేనివేళ నిజము పలికి, ఓర్పుతో నడిచి, మన యూరిని మన పరిచయముగ చూపుదము. అడుగువారి స్థానమున మనమే యున్ననాడు, "ఏ యూరు నాయనా?" అని అడిగి, ఆ సమాధానమును చెవియొగ్గి విందము.